గోడ మలుపు దగ్గర సున్నా

గొడవంతా ఒక మేకు గురించి మొదలైంది.

ముందుగదిలో కుట్టు మిషనుకి ఎదురుగా ఉన్న గోడలో ఒకే ఒక్క మేకు గట్టిగా నిలిచింది. మిగతా గోడంతా డొల్ల. ఎక్కడ సుత్తి వేసినా గుప్పెడు ఇసుక రాలుతుంది తప్ప మేకు దిగదు. ఆ ఒక్క మేకుకీ నాలుగు నెలలుగా కండక్టరమ్మ తోలుసంచి వేలాడుతోంది. అంతకు ముందు ఇరవై రెండేళ్ళ పాటు పగలంతా ఆ సంచి ఆవిడ భుజానే ఉండేది కాబట్టి, మేకు ఎవరిదన్న ప్రశ్న ఇంట్లో రాలేదు.

"కుట్టిన కోట్లు కుర్చీల మీద పరుస్తున్నాను. వచ్చినవాళ్ళు వాటి మీదే కూర్చుని, ఇస్త్రీ చెయ్యలేదేంటండీ అంటున్నారు," అన్నాడు ఆవిడ భర్త. ఆయన దర్జీ. కోపం వచ్చినప్పుడు మనిషి కేసి చూడకుండా సూది బెజ్జం కేసి చూస్తూ మాట్లాడతాడు. "ఆ సంచికి డ్యూటీ అయిపోయింది. ఇంక దిగమను."

"మీ కోట్లకి ఇంకో మేకు కొట్టుకోండి," వంటింట్లోంచి సమాధానం వచ్చింది.

"ఎక్కడ కొట్టను? నా నెత్తినా?"

"నా నెత్తిన కొట్టండర్రా," అంది గుమ్మం పక్కన బొత్తాలు ఏరుతున్న అత్తగారు. కళ్ళలో శుక్లాలు ముదిరిపోయి ఆవిడ ఈమధ్య బొత్తాలని వేళ్ళతోనే గుర్తుపడుతోంది. "సుత్తి వస్తున్నట్టు కూడా నాకు కనపడదు. మీకూ సుఖం, నాకూ సుఖం."

దర్జీ లేచి సంచిని మేకు మీంచి తీశాడు. తీశాడో లేదో, తడిచేతులతో కండక్టరమ్మ వచ్చి దాన్ని లాగేసుకుంది.

"ముట్టుకోవద్దన్నానా!"

ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని అదిలించే గొంతు అది. ఇంట్లో ఎప్పుడూ వాడలేదు. దర్జీ చేతిలో దారపు ఉండ కిందపడి మంచం కిందికి దొర్లిపోయింది.

"ఏముందే అందులో, వజ్రాలా?"

"విజిల్ ఉంది."

"విజిల్ కోసమా ఇంత పెద్ద విజిలు వేశావ్?"

అత్తగారు కిసుక్కున నవ్వింది. కండక్టరమ్మ నవ్వలేదు. సంచిని మళ్ళీ మేకుకే తగిలించి, పట్టీ రెండు చుట్లు తిప్పి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంచిలో విజిల్ ఉన్నమాట నిజమే. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది.

ప్రభుత్వ బస్సుల్ని కంపెనీకి అప్పగించే ముందు, ప్రతి కండక్టరు చేతికీ అలాంటి కాగితం ఒకటి ఇచ్చారు. మూడేళ్ళుగా ఏ ట్రిప్పులో, ఏ స్టాపులో, ఎంతమంది ఎక్కారో టికెట్ మిషను చెప్పిన లెక్క అది. ఎవరి ట్రిప్పు వాళ్ళు చూసుకుని, తప్పులుంటే రాసి, లేకపోతే 'సరిచూశాను' అని సంతకం చెయ్యాలి. జనం ఉన్నచోట బస్సు ఆపుతాం, లేనిచోట ఆపం అని కంపెనీ ముందే చెప్పింది.

తెల్లవారుజామున అయిదుంపావు ట్రిప్పు కండక్టరమ్మది. కాగితంలో మూడో వరస గోడ మలుపు స్టాపు. మూసేసిన మిల్లు ప్రహరీగోడ తిరిగేచోట ఉంటుంది కాబట్టి ఆ పేరు. దాని ఎదురుగా సున్నా. మూడేళ్ళకీ కలిపి ఒకటే సున్నా.

మిల్లు మూతపడ్డాక ఆ స్టాపులో రోజూ ఎక్కేది ఆరుగురు ఆడవాళ్ళే. పెద్దాసుపత్రిలో వార్డులు తుడిచేవాళ్ళు. పదకొండేళ్ళలో కండక్టరమ్మ వాళ్ళకి ఒక్క టికెట్ కూడా కొట్టలేదు.

జాలిపడే కొట్టలేదని ఆవిడ చాలాకాలం అనుకుంది. ఈ నాలుగు నెలల్లో కూర్చుని తీరిగ్గా తవ్వి చూసుకుంటే అందులో జాలి పాలు అంత పెద్దదేం కాదనిపిస్తోంది. మొదటి ట్రిప్పు. చేతిలో చిల్లర ఉండదు. నిద్ర కళ్ళు. ఆరు టికెట్లు కొట్టి ఆరుగురికీ చిల్లర వెతికే ఓపిక ఉండేది కాదు. పైగా వాళ్ళవల్ల పనులు జరిగేవి. కండక్టరు సీటు దుమ్ము తుడిచిపెట్టేవాళ్ళు. ఆసుపత్రిలో ఓపీ చీటీకి లైనులో నిలబడకుండా చూసేవాళ్ళు. అత్తగారు జ్వరంతో పడిపోయిన ఏడు, వరండాలో కింద పడుకోబెట్టిన మనిషికి గంటలో మంచం ఇప్పించింది వాళ్ళే. 'తల్లీ, నువ్వు చల్లగా ఉండాలి' అంటూ వాళ్ళు దిగి వెళ్తుంటే వినడానికి బాగుండేది కూడాను.

ఒకరోజు టికెట్ కొనుక్కున్న పెద్దమనిషొకడు, "వాళ్ళకి టికెట్ లేదేం?" అని నిలదీశాడు. కండక్టరమ్మకి నోటికొచ్చిన మాట ఒక్కటే. "స్టాఫ్."

బస్సు డిపోలో పనిచేసేవాళ్ళు ఎక్కితే అనే మాట అది. అన్నారంటే ఇంక టికెట్ అడగరు, లెక్కలోకి రారు. మర్నాటి నుంచి ఆరుగురూ మెట్టెక్కుతూనే "స్టాఫ్, స్టాఫ్" అంటూ ఎక్కడం మొదలెట్టారు. అందరికన్నా చివర ఎక్కే మనిషిది బొంగురు గొంతు. ఆవిడ "స్టాఫ్" అంటే ముందు సీట్లో నిద్రపోతున్నవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. బొంగురమ్మ అని పేరు పెట్టింది కండక్టరమ్మే.

కాగితంలో ఆ సున్నా చూసినప్పుడు పెన్ను ఆగింది. సూపర్‌వైజరు పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. తప్పు అని రాస్తే ఎందుకు తప్పో రాయాలి. రాస్తే పదకొండేళ్ళ తప్పు తన తల మీదే పడుతుంది. ఉద్యోగంలోంచి దిగిపోయేవాళ్ళకి ఏ ఆరోపణా లేదని ఒక పత్రం ఇస్తారు. అది వస్తేనే ఇంటిల్లిపాదికీ వైద్యం కార్డు వస్తుంది. అత్తగారి కళ్ళ ఆపరేషను ఆ కార్డు మీదే చేయించాలి. ఇన్నీ ఆలోచించింది. ఆరుగురు రోడ్డు మీద కనపడితే బస్సు ఆపకుండా పోతారా ఏమిటి అని కూడా అనుకుంది. 'సరిచూశాను' అని రాసి సంతకం చేసింది. నకలు సంచిలో పెట్టుకుంది.

కొత్త బస్సులకి కండక్టరు లేడు. తలుపు డ్రైవరు చేతిలో ఉంటుంది. అతని ఎదురుగా ఉన్న తెర మీద పేరున్న స్టాపులోనే తెరుచుకుంటుంది.

*

ఆ సాయంత్రమే బొంగురమ్మ వచ్చింది. కండక్టరమ్మ కోసం కాదు, దర్జీ కోసం. చేతిలో ఉతికి మడతపెట్టిన నీలం కోటు ఉంది.

"అన్నా, ఈ జేబు చినిగింది. కుట్టి, ఈ బొత్తాం కూడా వెయ్యాలి. రేపటికి కావాలి."

"యూనిఫాం కదా, ఏమిటంత హడావుడి? వేసుకుని వెళ్ళే తొందరా?" అన్నాడు దర్జీ.

"వేసుకునే తొందర కాదన్నా, ఇచ్చేసే తొందర. చిరుగు లేకుండా అప్పజెబితేనే చివరి జీతం ఇస్తాడంట కాంట్రాక్టరు."

మంచినీళ్ళు తెస్తున్న కండక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏమవుద్దక్కా, కాళ్ళు అరిగినయ్, పని పోయింది." బొంగురమ్మ గోడకి ఆనుకుని కుడికాలు మెల్లగా చాపింది. మోకాలు గుడ్డతో కట్టి ఉంది. "బస్సు ఆపట్లేదు కదా. నడిచే పోతన్నాం. అయిదున్నరకల్లా వేలిముద్ర వెయ్యాలి. అయిదు ముప్ఫైరెండు అయినా ఆలస్యమే. మూడు ఆలస్యాలకి ఒక రోజు కోత. మిగతా వాళ్ళు పరిగెత్తుతున్నారు. నాకు ఈ మోకాలొకటి తగలడింది. ఈ నెల పదకొండు ఆలస్యాలు."

"పదకొండా!" అంది అత్తగారు. "మా ఇంట్లో ఆదివారం నిద్ర లేచేదే పదకొండింటికి, ఆ మనవరాలు మహారాణి."

"నవ్వించకు పెద్దమ్మా, నవ్వితే మోకాలు గుంజుద్ది," అంటూ బొంగురమ్మ నవ్వింది. గొంతు మునుపటికన్నా బరువుగా ఉంది.

కండక్టరమ్మ గ్లాసు అందించింది. ఆవిడ తాగుతున్నంతసేపూ గ్లాసు అడుగు కేసే చూసింది, మొహం కేసి కాదు.

"అర్జీ పెట్టుకోలేకపోయారా?"

"పెట్టాం. సోమవారం పదింటికి బస్సుల ఆఫీసుకి రమ్మన్నారు. రవాణా వాళ్ళూ, కంపెనీ వాళ్ళూ కూర్చుని వింటారంట. ముందే గుమాస్తా చెప్పాడు, అక్కడ మూడేళ్ళలో ఒక్క మనిషీ ఎక్కలేదమ్మా, లెక్కలో సున్నా ఉంది, ఎక్కినట్టు పాత టికెట్లేమన్నా ఉంటే పట్టుకురండి అని." గ్లాసు కింద పెట్టింది. "ఆరుగురం ఎక్కితే సున్నా ఏందక్కా? దయ్యాలం ఎక్కామా?"

దర్జీ మిషను తొక్కడం ఆపాడు. ఏదో అర్థమవుతున్నట్టు భార్య కేసి చూశాడు.

"మరి ఏం చెప్తారు?" అంది కండక్టరమ్మ.

"టికెట్లు కొన్నాం, పారేసుకున్నాం అని చెప్తాం. మా ఆరుగురం ఒట్టేసుకున్నాం." బొంగురమ్మ ముందుకి వంగి గొంతు తగ్గించింది. తగ్గించినా అది వీధిలోకి వినపడుతుంది. "నీ పేరు మా నోట రాదు. నువ్వు భయపడమాక. పదకొండేళ్ళు తీసుకుపోయి, ఇప్పుడు నిన్ను ఇరికిస్తామా? అంత విశ్వాసం లేనోళ్ళం కాదు."

తిట్టినా బాగుండేది. నాలుగు మాటలు దులిపేస్తే, ఎదురు నాలుగు మాటలు అని తలుపేసుకోవచ్చు. ఆవిడ మాత్రం కోటు మీద బొత్తాం ఎక్కడ పడాలో చూపించి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది. కుట్టుకూలి ఎంతని అడిగితే దర్జీ చెయ్యి ఊపి, "పో పోవమ్మా, స్టాఫ్ అనుకో," అన్నాడు. భార్యని ఏడిపించడానికి అతను చాలాసార్లు వాడే మాట అది. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

*

కూతురు ఏడింటికి వచ్చింది. బస్సులు తీసుకున్న కంపెనీ ఆఫీసులోనే చేరి ఎనిమిది నెలలైంది. బస్సులు అప్పగించే ముందు అన్ని డిపోల కాగితాలూ కూర్చి ఒక్క పట్టిక చేసింది ఆ పిల్లే. ఆఫీసులో పెద్దాయన మెచ్చుకున్నాడని అప్పట్లో ఇంటికి మిఠాయిలు కూడా తెచ్చింది.

"గోడ మలుపు స్టాపు తీసేశారటగా," అంది కండక్టరమ్మ, వేళ్ళు నలుపుకుంటూ.

"అదే సోమవారం పేచీ. ఫైలు నేనే పట్టుకెళ్ళాలి." కూతురు చెప్పులు విప్పుతూ అంది. "వాళ్ళెవరో ఆరుగురు రోజూ ఎక్కేవాళ్ళమని అంటున్నారట. ఆరుగురు రోజూ ఎక్కితే మూడేళ్ళకి ఆరువేలపైన అవ్వాలి కదమ్మా. పోనీ ఆరు పడాలి. ఒక్కటైనా పడాలి. సున్నా ఎలా వస్తుంది? అబద్ధం చెప్పడానికి కూడా కాస్త లెక్క రావాలి."

"నువ్వు ఆ స్టాపు చూశావా ఎప్పుడైనా?"

"చూడ్డానికి ఏముందమ్మా, కాగితం మీద కనపడుతూనే ఉందిగా. పైగా కింద కండక్టరు సంతకం ఉంది. సరిచూశాను అని." ఆగింది. "ఆ ట్రిప్పు నీదే కదూ? నీ సంతకమే అయ్యుంటుంది. అయితే ఇంక తిరుగేముంది!"

కండక్టరమ్మ ఆ రాత్రి ఏమీ తినలేదు. తలనొప్పి అని చెప్పింది. దర్జీ మాట్లాడకుండా ఆవిడ తలగడ పక్కన అమృతాంజనం సీసా పెట్టి, వెలుతురు తగ్గించాడు.

*

ఆదివారం తెల్లవారక ముందే లేచి, ఎవరితోనూ చెప్పకుండా గోడ మలుపు దాకా వెళ్ళింది. స్టాపు బోర్డు పీకేసిన చోట ఇనపగొట్టం మొదలు మాత్రం మిగిలి, పాదానికి తగిలేలా ఉంది. గడియారం చూసుకుంది. అయిదు కావడానికి పది నిమిషాలు తక్కువ.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి రెండు స్టేజీలు. బస్సులో అయితే కళ్ళు మూసి తెరిచేలోగా వచ్చేది. నడక అలా లేదు. గోడ పొడుగునా నడవడానికి చోటు లేదు, కాలవ మీద పరిచిన బండల్లో మూడింటికొకటి లేదు. వంతెన కింద దీపాలు లేవు. ఒక లారీ వెనకనుంచి హారను కొడుతూ గాలితో పాటు ఆవిణ్ణి పక్కకి నెట్టేసింది. ఇరవై రెండేళ్ళు ఈ దారి పొడుగునా రోజుకి ఎనిమిదిసార్లు తిరిగిన మనిషి, ఈ రోడ్డుకి ఇంత వాసన ఉంటుందని ఈ రోజే తెలుసుకుంది.

వంతెన దాటాక ముందు మాటలు వినపడ్డాయి. అయిదుగురు. గుడ్డసంచులు చంకలో పెట్టుకుని, సగం నడక సగం పరుగులో పోతున్నారు. వెనకబడ్డ మనిషిని ముందున్నావిడ కేకేసింది.

"రావే స్టాఫ్! నీకోసం బస్సు ఆపిస్తారనుకున్నావా?"

అందరూ నవ్వారు. ఆ మాటని వాళ్ళు పారేసుకోలేదు, నడకలోకి కూడా తెచ్చుకున్నారు. కండక్టరమ్మ గబుక్కున ఒక దీపస్తంభం చాటుకి జరిగింది. స్తంభం సన్నంగా ఉంది, ఆవిడ సగం బయటికే ఉంది. వాళ్ళు వెనక్కి తిరగలేదు కాబట్టి సరిపోయింది. తిరిగి ఉంటే, "అక్కా, నువ్వేంటి ఇక్కడ?" అని ప్రేమగానే అడిగేవాళ్ళు. అందుకే దాక్కుంది.

అప్పుడే బస్సు వచ్చింది. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. సీట్లు వరసగా, శుభ్రంగా, చాలావరకు ఖాళీగా కనపడ్డాయి. అయిదుగురిలో ఒకావిడ అలవాటు కొద్దీ చెయ్యెత్తి, వెంటనే దించేసింది. బస్సు వాళ్ళని దాటి, కండక్టరమ్మ చూస్తూండగానే మలుపు తిరిగింది.

ఆసుపత్రి గేటు చేరేసరికి ఆవిడకి నలభై నిమిషాలు పట్టింది. మోకాళ్ళు బాగున్న మనిషికి.

*

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ఆదివారాలే అది కుదురుతుంది. దర్జీ పొద్దున్నే కిటికీ ఊచ నుంచి తలుపు గొళ్ళేనికి ఒక తాడు కట్టి, కోట్లన్నీ దానికి తగిలించాడు. ఆ తాడు కింద నుంచి వంగి దాటి రావాల్సి వస్తోంది. మేకు జోలికి మాత్రం పోలేదు. బొంగురమ్మ నీలం కోటు, జేబు కుట్టించుకుని, అందరికన్నా చివర వేలాడుతోంది.

"రాజీ కుదిరింది కాబట్టి కూర ఇంకాస్త వడ్డించు," అన్నాడు.

కండక్టరమ్మ వడ్డించింది. తన కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది. కలిపి అలాగే ఉంచి, లేచి వెళ్ళి సంచి దింపి తెచ్చింది. కాగితం తీసి నాలుగు మడతలూ విప్పి, కూర గిన్నె పక్కన పెట్టింది.

"ఇది చదువు," అంది కూతురితో.

"నాకు కంఠస్థం అమ్మా ఇది."

"మూడో వరస. అది తప్పు."

పిల్ల ముద్ద నోటి దగ్గర ఆపింది.

కండక్టరమ్మ చెప్పింది. అయిదుంపావు ట్రిప్పు, ఆరుగురు, స్టాఫ్ అన్న మాట, ఓపీ చీటీలు, ఆసుపత్రి మంచం, సూపర్‌వైజరు గడియారం. ఏదీ దాచలేదు, ఎక్కువ చెయ్యలేదు. తెల్లవారుజామున స్తంభం చాటుకి వెళ్ళిన సంగతి కూడా చెప్పింది.

"నా పట్టికలో తప్పు లేదమ్మా," అంది కూతురు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను ఉన్నదే ఎక్కించాను."

"నీ పట్టికలో లేదు. తప్పు నా సంతకంలో ఉంది. రేపు ఆఫీసులో నేను లేచి మాట్లాడుతుంటే నువ్వు తలదించుకోనక్కర్లేదు."

"ఆ పత్రం ఇంకా రాలేదు," అన్నాడు దర్జీ మెల్లగా. ఈసారి సూది లేదు చేతిలో, భార్యనే చూస్తున్నాడు. "నీ అంతట నువ్వే ఒప్పుకుంటే ఇంక రాదు. కార్డూ రాదు. అమ్మ కళ్ళు..."

"తెలుసు."

తెలుసు అన్నంత తేలిగ్గా అత్తగారి కేసి తల తిప్పలేకపోయింది. కంచంలో అన్నం ఆరిపోతోంది. అత్తగారు కూర గిన్నె ఎక్కడుందో చేత్తో తడుముతోంది. కూతురు గిన్నె జరిపింది.

"వరండాలో పడున్నప్పుడు నాకు మంచం తెచ్చింది ఆ బొంగురు గొంతేనా?" అని అడిగింది ముసలావిడ.

"ఆవిడే అత్తయ్యా."

"ఊఁ." కాసేపు నమిలింది. "నాకు కోపం రాలేదనుకోకు. వచ్చింది. ఆ సంతకం పెట్టే ముందు ఒక మాట నాతో చెప్పలేదు చూడు, దానికి వచ్చింది. ఈ ముద్ద దిగాక చెప్తా నీ సంగతి."

"చెప్పండి," అంది కండక్టరమ్మ. చెప్పించుకోవాలనే ఉంది ఆవిడకి.

కూతురు ముక్కు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. పనిలో పడితే ఆ పిల్లకి ఏడుపు ఆగిపోతుంది. "ఊరికే నోటిమాట చెల్లదమ్మా. రాతలో ఇవ్వాలి. ఎవరెవరు ఎక్కేవాళ్ళో పేర్లతో సహా రాయాలి. చెప్పు, రాస్తాను. ఆ ఆరుగురి పేర్లేంటి?"

కండక్టరమ్మ నోరు తెరిచింది. బొంగురమ్మ. ఎత్తుపళ్ళ పిల్ల. పొట్టావిడ. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పెద్దక్క, చిన్నక్క. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చునే మనిషి. పదకొండేళ్ళు రోజూ చూసిన మొహాలు ఒక్కొక్కటీ మెట్టెక్కి వచ్చాయి. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు.

కూతురు పెన్ను తెరిచి పట్టుకుంది.

"నాకు తెలీదు," అంది. చల్లారిన ముద్ద చేతిలోకి తీసుకుంది. "అన్నం తిన్నాక గోడ మలుపు దగ్గర వాళ్ళ ఇళ్ళకి వెళ్తాను. ఆ నీలం కోటు ఇచ్చి, ఒక్కొక్కరినీ పేరు అడిగి రాసుకొస్తాను. రేపు పదింటికి ఆ కాగితం నేనే చదువుతాను."